అపరిచితుని జాడ: 1888 నాటి లండన్ హత్యలు

చంద్రగిరి చుట్టుప్రక్కల పల్లెలలో వెనుకటి రోజులలో ఎద్దు తప్పిపోతే, యజమాని ముందుగా పోయేది పోలీసు ఠాణాకు కాదు, తలారి ఇంటికి. తలారి వచ్చి కొట్టం ముందరి మట్టిలో గిట్టల గుర్తు చూచేవాడు. దాని ప్రక్కనే మనిషి అడుగు ఉంటే వంగి దానినీ చూచేవాడు. ఆ అడుగు ఊరివానిదో పైఊరివానిదో చెప్పి, జాడ పట్టుకొని కొండవాలు దాకా నడిచేవాడు.

ఈ నేర్పులో మంత్రమేమీ లేదు. ఊరిలోని గడపలన్నీ అతనికి చిన్ననాటినుండి తెలుసు. ఎవరు కాలు ఈడ్చి నడుస్తారో, ఎవరి మడమ పగిలి ఉన్నదో, ఎవరు చెప్పులు తొడుగుతారో తెలుసు. క్రొత్తవాడు పొలిమేర దాటి లోపలికి వస్తే కుక్కలు మొరుగుతవి, రచ్చబండ మీది పెద్దలు "ఏ ఊరప్పా మీది?" అని అడుగుతారు. తలారి, మునసబు, కరణం వీరి నేరపరిశోధన అంతా పరిచయం మీద నడిచినది. తెలిసినవారి నడుమ జరిగిన నేరానికి అది చాలావరకు చాలేది.

ఎవరికి ఎవరూ తెలియని చోట ఈ విద్య ఏమవుతుంది? 1888వ సంవత్సరంలో, చంద్రగిరి మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఒక తాలూకాగా ఉన్న రోజులలో, ఈ ప్రశ్న సముద్రాలకు ఆవల లండన్ నగరాన్ని వణికించినది. అప్పటికి లండన్ ప్రపంచంలోకెల్లా పెద్ద నగరం. దాని జనాభా యాభై లక్షలకు పైమాట. ప్రపంచంలో మరెక్కడా లేనంత పేరుగల పోలీసు బలగం అక్కడ ఉన్నది. అయినప్పటికీ ఆ నగరపు తూర్పు పేటలో పది వారాలలో ఐదుగురు పేద స్త్రీలను చంపినవాడు దొరకలేదు. నేటికీ అతడెవరో తేలలేదు.

అతడు ఫలానావాడని చెప్పే పుస్తకాలు వందలకొద్దీ వచ్చినవి. వైద్యుడనీ, న్యాయవాది అనీ, చిత్రకారుడనీ, రాజకుటుంబీకుడనీ వ్రాసినారు. నిజానికి ఇవి కాలక్షేపపు పుస్తకాలు. విజ్ఞానశాస్త్రం దృష్టితో చూచేవారికి "ఎవడు?" అన్న ప్రశ్నకన్నా "ఎందుకు దొరకలేదు?" అన్న ప్రశ్న ఎక్కువ ఫలం ఇస్తుంది.

ముందుగా జరిగిన సంగతి చూతము. లండన్ తూర్పు భాగాన వైట్‌చాపెల్ అనే పేట ఉన్నది. రేవు కూలీలు, కసాయివారు, దర్జీలు, తూర్పు ఐరోపా నుండి ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చిన యూదులు అక్కడ క్రిక్కిరిసి బ్రతికేవారు. రాత్రికి నాలుగు పెన్నీలు ఇస్తే ఒక మంచం అద్దెకు దొరికే బసలు ఆ పేట పోలీసుల లెక్క ప్రకారం 233. వాటిలో ప్రతి రాత్రీ తలదాచుకొనేవారు 8,530 మంది. నిన్న ప్రక్క మంచం మీద పండుకొన్నవాడు నేడు ఉండడు. వాని పేరు ఎవరూ అడగరు. మన తలారి అక్కడ ఉండి ఉంటే చేతులు ముడుచుకొని కూర్చోవలసినదే.

1888 ఆగస్టు 31 తెల్లవారుజామున బక్స్ రో అనే వీథిలో మేరీ ఆన్ నికల్స్ అనే స్త్రీ గొంతు కోయబడి పడి ఉండగా బండి తోలుకొనే కూలీ ఒకడు చూచినాడు. సెప్టెంబరు 8న హాన్‌బరీ వీథిలో ఒక ఇంటి పెరట్లో ఆనీ చాప్‌మన్. సెప్టెంబరు 30న ఒకే రాత్రి ఇద్దరు: ఎలిజబెత్ స్ట్రయిడ్, కాథరిన్ ఎడ్డోస్. నవంబరు 9న మిల్లర్స్ కోర్టులోని అద్దెగదిలో మేరీ జేన్ కెల్లీ. నికల్స్, చాప్‌మన్ ఇద్దరినీ ఆ రాత్రులలో మంచం అద్దెకు డబ్బు లేదని బసలనుండి బయటికి పంపినారు. ఎడ్డోస్ సంగతి ఇంకా విచారకరం. త్రాగి వీథిలో పడిపోయినందుకు ఆమెను పోలీసులే ఠాణాలో ఉంచి, మత్తు దిగినదని రాత్రి ఒంటిగంటకు విడిచిపెట్టినారు. ముప్పావు గంటకు మైటర్ స్క్వేరు మూలన ఆమె శవం కనిపించినది. గస్తీ కానిస్టేబుల్ ఒంటిగంటన్నరకు ఆ చోటు చూచి పోయినాడు, ఏమీ లేదు. మరి పావుగంటకు తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయినది. 1888 నుండి 1891 వరకు ఆ పేటలో జరిగిన మొత్తం పదకొండు హత్యలు ఒకే పోలీసు దస్త్రంలో ఉన్నవి. వానిలో ఈ ఐదూ ఒకే చేతి పని అని సాధారణంగా అంగీకరిస్తారు.

పోలీసులు ఊరక కూర్చున్నారని అనడం అన్యాయం. ఆ అక్టోబరులో ఒక అధికారి పైవారికి పంపిన నివేదికలో లెక్కలు ఉన్నవి: 80,000 కరపత్రాలు పంచినారు, బసలలో రెండువేల మందిని విచారించినారు, 76 మంది కసాయివారి పనిచోట్లు చూచినారు, మూడువందలకు పైగా మనుష్యుల కదలికలను ఆరా తీసినారు, సుమారు ఎనభై మందిని ఠాణాలలో ఉంచి ప్రశ్నించినారు. బార్నబీ, బర్గో అనే రెండు వేటకుక్కలను తెప్పించి తోటలలో పరీక్షించినారు గాని, హత్య జరిగిన చోట వాటికి పని తగలలేదు. వేల అడుగులు తొక్కిన రాతిబాట మీద ఏ వాసన పట్టాలని కుక్కను విడిచేది?

ఇంత శ్రమలో ఉన్న లోపం ఒక్కటే. దొరికిన మనిషి ముందర నిలబడినప్పుడు, "ఆ రాత్రి ఆ చోట ఉన్నది నీవే" అనిగాని "నీవు కావు" అనిగాని చెప్పగల సాధనం ఏదీ వారి వద్ద లేదు. పట్టుబడినవానిని విడిపించేదీ ఇరికించేదీ సాక్షి మాట ఒక్కటే.

దీనికి జాన్ పైజర్ అనే చెప్పుల పనివాడే తార్కాణం. పేటలో "తోలు ఏప్రను" అనే మారుపేరుగల దుర్మార్గుడొకడు స్త్రీలను బెదిరిస్తుంటాడని పుకారు లేచినది. పత్రికలు దానిని పెంచినవి. పైజర్ యూదుడు, చెప్పులు కుట్టేవాడు గనుక తోలు ఏప్రను ఉన్నది. జనం అతనిని చంపుతారేమోనని ఇంటివారు దాచిపెట్టినారు. సెప్టెంబరు 10న పోలీసులు పట్టుకొన్నారు. అదృష్టవశాత్తు మొదటి హత్య జరిగిన రాత్రి రేవులో పెద్ద అగ్నిప్రమాదం జరిగినది. అతడు దానిని చూస్తూ ఒక కానిస్టేబుల్‌తో మాట్లాడినాడు. ఆ కానిస్టేబుల్‌కు ఆ మాట గుర్తున్నది. పైజర్ బ్రతికిపోయినాడు. అతనిని కాపాడినది శాస్త్రం కాదు, ఒక మనిషి జ్ఞాపకం. ఆ రాత్రి అతడు ఇంట్లో ఒంటరిగా నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చును.

ఇక రక్తం సంగతి. హంతకుని బట్టలకు రక్తం అంటి ఉండవచ్చును కదా, దానిని బట్టి పట్టలేరా అని పాఠకులకు తోచవచ్చును. మొదటి హత్య జరిగిన చోటికి ప్రక్క వీథిలోనే గుర్రాలను కోసే దొడ్డి ఉన్నది. ఆ రాత్రి అక్కడ ముగ్గురు పని చేస్తున్నారు. మరికొంత దూరాన ఆల్డ్‌గేట్‌లో వరుసగా కసాయి దుకాణాలు. నెత్తుటి మరకలతో తెల్లవారి ఇంటికి నడిచే మనిషిని ఆ పేటలో ఎవరూ తేరిపార చూడరు. మరకగల చొక్కాను పట్టి రసాయనశాలకు పంపితే 1888లో శాస్త్రజ్ఞుడు చెప్పగలిగినది చాలా స్వల్పం. గ్వాయకం అనే చెట్టు జిగురును, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను మరకకు తాకిస్తే నీలిరంగు పుడుతుంది; కాని కొన్ని మొక్కల రసాలకు కూడా ఆ రంగు వస్తుంది. ఉప్పు, ఎసిటిక్ ఆమ్లం కలిపి వేడి చేస్తే గోధుమరంగు స్ఫటికాలు ఏర్పడతవి. అవి కనిపిస్తే అది రక్తమే అని నిశ్చయం. ఎవరి రక్తం? సూక్ష్మదర్శినిలో చూస్తే కోడి రక్తకణాలు కోలగా ఉండి నడుమ కేంద్రకం కనిపిస్తుంది; మనిషివి గుండ్రంగా, కేంద్రకం లేకుండా ఉంటవి. కోడికీ మనిషికీ భేదం తెలిసినది, సంతోషమే. గుర్రం, గొర్రె, పంది, మనిషి వీరందరి కణాలూ గుండ్రమే. పరిమాణంలో కొద్ది తేడా ఉన్నమాట నిజమే గాని, ఎండి ముడుచుకొన్న మరకలో ఆ కొలత నమ్మదగినది కాదు. కసాయివాడు "ఇది గొర్రె రక్తం, దొరా" అంటే కాదనగల శాస్త్రజ్ఞుడు ఆనాడు భూమి మీద లేడు.

ఈ చిక్కు విడిపోవడానికి మరి పదమూడేండ్లు పట్టినది. 1901లో జర్మనీలో పౌల్ ఊలెన్‌హూట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం కనుగొన్నాడు. కుందేలు శరీరంలోకి మనిషి రక్తరసిని సూదిమందుగా ఎక్కిస్తే, ఆ పరాయి మాంసకృత్తులను ఎదుర్కొనడానికి కుందేలు రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతవి. ఆ కుందేలు రసిని ఒక గాజుగొట్టంలో పోసి, ఉప్పునీటిలో నానబెట్టిన మరక రసాన్ని దానికి చేరిస్తే, ఆ మరక మనిషిదైతే గొట్టంలో తెల్లని మబ్బువంటి తెట్టు ఏర్పడుతుంది. గొర్రెదైతే ఏర్పడదు. గొర్రె రక్తాన్ని గుర్తించాలంటే గొర్రె రసి ఎక్కించిన మరొక కుందేలు కావాలి.

ఆ ఏడాదే ఈ పరీక్షకు పని పడినది. జర్మనీ ఉత్తరాన రూగెన్ ద్వీపంలో ఇద్దరు బాలురను ఎవరో చంపినారు. అనుమానం ఒక వడ్రంగి మీదికి పోయినది. మూడేండ్ల క్రిందట వేరొక ఊరిలో ఇద్దరు బాలికలు హత్య అయినప్పుడు కూడా అతనిని పట్టుకొన్నారు. తన బట్టల మీది మరకలు కొయ్యకు పూసే రంగువని చెప్పి అప్పుడు బయటపడినాడు. ఈసారీ అదే మాట చెప్పినాడు. బట్టలను ఊలెన్‌హూట్‌కు పంపినారు. ఆయన మరకలను విడివిడిగా పరీక్షించి, కొన్నిటిలో గొర్రె రక్తం, కొన్నిటిలో మనిషి రక్తం ఉన్నదని తేల్చినాడు. ఆ ద్వీపంలో అంతకుముందు కొన్ని గొర్రెలను కూడా ఎవరో చీల్చి చంపినారు. వడ్రంగికి శిక్ష పడినది. పదమూడేండ్ల ముందు వైట్‌చాపెల్ పోలీసులకు ఈ కుందేలు ఉండి ఉంటే ఆ 76 మంది కసాయివారి విచారణకు కొంత అర్థం ఉండేది.

శాస్త్రం చాలని చోట నమ్మకాలు వచ్చి కూర్చుంటవి. చచ్చిన పాము కంటిలో చంపినవాని బొమ్మ నిలిచిపోతుందనీ, జంటపాము దానిని చూచి పగ తీర్చుకొంటుందనీ మనవైపు చెప్పుకొంటారు. లండన్‌లో ఇదే నమ్మకం మనుష్యుల విషయంలో ఉన్నది. ఆనీ చాప్‌మన్ మరణ విచారణలో జ్యూరీ పెద్ద లేచి, మృతురాలి కండ్లను ఫొటో తీసినారా అని వైద్యుని అడిగినాడు. దాని వలన లాభం లేదని తాను ముందే చెప్పినానని వైద్యుడు బదులు చెప్పినాడు. ఈ నమ్మకం పూర్తిగా గాలిలోనుండి పుట్టినది కాదని గమనించాలి. కంటి వెనుకనున్న నేత్రపటలంలో రొడాప్సిన్ అనే ఎర్రని పదార్థం ఉన్నది; వెలుగు తగిలిన చోట అది వెలిసిపోతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్హెల్మ్ క్యూనె 1878 ప్రాంతంలో ఒక కుందేలును చీకటిలో ఉంచి, తరువాత కిటికీ ఎదుట నిలిపి, వెంటనే చంపి, నేత్రపటలాన్ని పటికనీటిలో వేసి చూడగా కిటికీ కమ్మీల బొమ్మ కనిపించినది. కాని దానికి చీకటి, మిరుమిట్లు గొలిపే వెలుగు, కదలని కన్ను, వెంటనే రసాయనం ఇన్నీ కుదరాలి. మైటర్ స్క్వేరు చీకటిమూలలో ఇవేవీ లేవు.

వైద్యుల అభిప్రాయాలు కూడా ఒకదానితో ఒకటి పొసగలేదు. హంతకునికి శరీర నిర్మాణం తెలుసునని ఒకరన్నారు. నవంబరు 10న నివేదిక వ్రాసిన థామస్ బాండ్ అనే వైద్యుడు, వానికి కసాయివాని పాటి తెలివి కూడా లేదన్నాడు. చూడడానికి నెమ్మదస్థునివలె, శుభ్రమైన దుస్తులతో ఉండే నడివయస్కుడై ఉండవచ్చునని కూడా ఆయన ఊహించినాడు. నేరం తీరును బట్టి నేరస్థుని స్వభావాన్ని ఊహించే పద్ధతికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటిగా చెప్పుతారు. అయితే ఆ వర్ణనకు సరిపోయేవారు లండన్‌లో లక్షలమంది.

అందరికీ తెలిసిన "జాక్ ద రిప్పర్" అనే పేరు హంతకుడు పెట్టుకొన్నది కాకపోవచ్చును. సెప్టెంబరు చివర ఒక వార్తాసంస్థకు ఎర్ర సిరాతో వ్రాసిన ఉత్తరం వచ్చినది. దాని క్రింది సంతకం అది. పోలీసులు ఆ దస్తూరిని అచ్చువేయించి గోడలకు అంటించినారు. ఫలితంగా వందలాది ఆకతాయి ఉత్తరాలు వచ్చిపడినవి. మొదటి ఉత్తరం ఒక విలేఖరి పని అని పెద్ద అధికారులే తరువాత వ్రాసినారు. పత్రికల అమ్మకం పెరిగినది, పేరు నిలిచిపోయినది. ఆ ఐదుగురు స్త్రీల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు.

ఇప్పుడు ఈ కథలో అన్నిటికన్న ఆశ్చర్యమైన భాగానికి వస్తున్నాము. అపరిచితుని పట్టగల సాధనం 1888 నాటికి లేదని పైన వ్రాసినాను. పూర్తిగా లేకపోలేదు. అది లండన్ తలుపు దాకా వచ్చినది, తలుపు తెరవలేదు. అది పుట్టినది మన దేశంలో.

1858లో బెంగాలులోని జంగీపూరులో విలియం హెర్షల్ అనే యువ అధికారి, బాట వేయడానికి కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారుతో ఒప్పందం వ్రాయించుకొని, అతడు రేపు మాట తప్పకుండా ఉండాలని కాగితం వెనుక అతని అరచేతి ముద్ర వేయించినాడు. ఆ గీతల మీద ఆయనకు ఆసక్తి కలిగి, ఏండ్ల తరబడి ముద్రలు సేకరించి, అవి వయస్సుతో మారవని గ్రహించినాడు. 1877లో హుగ్లీ జిల్లాలో పింఛనుదారులకు, దస్తావేజులు రిజిస్టరు చేసేవారికి, జైలు ఖైదీలకు వేలిముద్ర నియమం పెట్టినాడు. నేడు చంద్రగిరి సబ్ రిజిస్ట్రారు కచేరీలో భూమి అమ్మే రైతు సిరాకు బదులు గాజుపలక మీద వ్రేలు ఆనిస్తున్నాడు గాని, ఆ ఆచారానికి మూలం హుగ్లీ కచేరీయే.

తోక్యోలో వైద్యుడుగా పనిచేస్తున్న హెన్రీ ఫాల్డ్స్ పాత కుండపెంకుల మీది వ్రేళ్ల గుర్తులు చూచి ఇదే విషయాన్ని స్వతంత్రంగా గ్రహించి, నేరం జరిగిన చోట దొరికే ముద్రలతో నేరస్థుని గుర్తించవచ్చునని 1880 అక్టోబరులో "నేచర్" పత్రికలో ప్రకటించినాడు. తరువాత ఇంగ్లండుకు తిరిగి వచ్చి, లండన్ పోలీసులకు తన పద్ధతిని ఇస్తానన్నాడు. వారు టన్‌బ్రిడ్జ్ అనే ఇన్‌స్పెక్టరును మాట్లాడి రమ్మని పంపినారు. ఆ సమావేశం జరిగిన సంవత్సరం 1888! మాటలు మర్యాదగా జరిగినవి. పని మాత్రం జరగలేదు.

దీనికి పోలీసులను పూర్తిగా తప్పుపట్టలేము. వ్రేలి చర్మపు గీతలు తల్లి కడుపులోనే ఏర్పడి చచ్చేదాకా మారవు. చెమట, జిడ్డు వలన తాకిన వస్తువు మీద అవి దిగుతవి. ఇంతవరకు బాగున్నది. అయితే లక్ష మంది ముద్రలు బీరువాలో ఉంటే, చేతిలో ఉన్న ముద్రకు జోడీని వెదకడం ఎట్లా? ఆ చిక్కు విప్పినది కూడా బెంగాలే. అక్కడి పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ క్రింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అనే ఇద్దరు మేధావులు లెక్క కట్టినారు. పది వ్రేళ్లను ఐదు జతలుగా విడదీస్తారు. ఒక్కొక్క వ్రేలి మీద సుడి ఉన్నదా లేదా అని మాత్రమే చూస్తారు. జతకు నాలుగు అవకాశాలు: రెంటా సుడి, మొదటిదానిలోనే, రెండవదానిలోనే, రెంటా లేకపోవడం. నాలుగును ఐదుమార్లు గుణిస్తే 1,024. కాబట్టి 1,024 అరలుగల బీరువా చాలు. క్రొత్త కాగితం ఏ అరలోనిదో నిమిషంలో తెలుస్తుంది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల కార్యాలయం వెలిసినది. లండన్‌లో అటువంటిది 1901లో, హెన్రీ అక్కడికి బదిలీ అయిన తరువాతనే వచ్చినది. పద్ధతికి పేరు మాత్రం హెన్రీదే మిగిలినది. అసలు లెక్క కట్టినవారికి ప్రభుత్వం బహుమానం ఇచ్చి ఊరకున్నది.

1898లో జల్‌పాయిగురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరును చంపి డబ్బు ఎత్తుకుపోయినారు. అక్కడ దొరికిన పంచాంగం మీద నెత్తుటి వ్రేలిముద్ర ఉన్నది. కలకత్తా బీరువాలోని పాత ఖైదీ ముద్రతో అది సరిపోయినది. న్యాయస్థానం ఏమి చేసినదో చూడండి: అతనికి దొంగతనానికి శిక్ష వేసి, హత్య నేరం రుజువు కాలేదని కొట్టివేసినది. ముద్ర చెప్పేది ఆ వ్రేలు ఆ కాగితాన్ని తాకినదని మాత్రమే. కత్తి ఎవరిదో అది చెప్పదు. ఈ వివేకం శాస్త్రానికి ఎంత అవసరమో తరువాత చూస్తాము.

మిల్లర్స్ కోర్టులో చివరి హత్య జరిగిన గదిలో కిటికీ అద్దాలు, బల్ల, పగిలిన గాజుపాత్ర మీద క్రొవ్వొత్తి ఉన్నవి. హంతకుడు ఏదో ఒకటి తాకకుండా ఉండడు. ఆ గదిని ఫొటో తీసినారు, కాని వ్రేలిగుర్తులను ఎవరూ వెదకలేదు; వెదకాలని ఎవరికీ తెలియదు. నేరం జరిగిన చోటును ఎట్లా కాపాడాలి, ఏది ముట్టరాదు, ఏది ఎట్లా కొలవాలి అని వివరించే పెద్ద గ్రంథాన్ని ఆస్ట్రియాలో హాన్స్ గ్రోస్ 1893లో వెలువరించినాడు. దానిని మద్రాసులో పబ్లిక్ ప్రాసిక్యూటరుగా ఉండిన జాన్ ఆడమ్, మరొకరితో కలిసి భారతదేశ పరిస్థితులకు తగినట్లు ఇంగ్లీషులోకి మార్చగా, 1906లో మద్రాసులోనే అచ్చయినది. విషపరీక్షల కొరకు రసాయన పరీక్షకుని ప్రయోగశాల అయితే ఆ నగరంలో 1849 నుండే ఉన్నది. ఈ విషయంలో మద్రాసు రాజధాని లండన్‌కు వెనుకబడినదని అనుకోనక్కరలేదు.

లండన్ హత్యలకు సరిగా నూరేండ్లకు, 1988 జనవరిలో, అదే ఇంగ్లండులో ఒక తీర్పు వచ్చినది. లెస్టర్ నగరం దగ్గరి పల్లెలలో 1983లో ఒకరు, 1986లో ఒకరు, ఇద్దరు పదిహేనేండ్ల బాలికలు హత్య అయినారు. పదిహేడేండ్ల కుర్రవాడొకడు రెండవ హత్య తానే చేసినానని ఒప్పుకొన్నాడు కూడా. ఆ నగరపు విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ 1984లో కనుగొన్న డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతితో పరీక్షించగా, రెండు హత్యలూ ఒకడే చేసినాడనీ, వాడు ఈ కుర్రవాడు కాడనీ తేలినది. తరువాత చుట్టుప్రక్కల ఐదువేల మంది మగవారి రక్తం పరీక్షించినారు. అసలువాడు తన బదులు మరొకనిని పంపి తప్పించుకోజూచినాడు. ఆ మాట బయటపడి పట్టుబడినాడు. ఈ పద్ధతి మొదటిసారి పనిచేసినది ఒక నిర్దోషిని విడిపించడానికి అన్న సంగతి నాకు పైజర్‌ను గుర్తుకు తెస్తుంది. మన దేశంలో 1988లోనే హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ ఈ పని సాధించినాడు. ఆయన సాధనం కట్లపాము జాతికి చెందిన ఒక పాము డి.ఎన్.ఎ. నుండి దొరికినది. పాము కంటిలో కాక, పాము జీవకణంలో నేరస్థుని గుర్తు దొరికినదన్నమాట.

నేటి అపరిచితుడు మరొక జాడను తనంతట తానే జేబులో వేసుకొని తిరుగుతున్నాడు. 2019లో ఏలూరులో ఒక ఉపాధ్యాయుని ఆకస్మిక మరణం మీద ఇంటివారికి అనుమానం కలిగి ఫిర్యాదు చేయగా, పోలీసులు ఫోను వివరాలను పట్టుకొని ఒక వ్యక్తిని చేరినారు. సుమారు రెండేండ్లలో ఉభయ గోదావరి, కృష్ణా జిల్లాలలో పదిమందికి అతడు మహిమగల ప్రసాదమని సైనైడు కలిపి ఇచ్చినట్లు ప్రకటించినారు. చాలా మరణాలను బంధువులు గుండెపోటనే అనుకొన్నారు. సైనైడు జీవకణాలు ప్రాణవాయువును వాడుకొనకుండా నిమిషాలలో అడ్డుపడుతుంది. పైకి గాయం కనిపించదు. లండన్‌లో హత్య అందరికీ తెలుసు, హంతకుడు తెలియదు. ఇక్కడ హత్య జరిగినదనే తెలియదు. శవపరీక్ష లేకుండా దహనమైన దేహం నుండి ఏ శాస్త్రమూ తిరిగి సాక్ష్యం తీయలేదు.

ఇన్ని సాధనాలు వచ్చిన తరువాత పాత లండన్ హత్యలను తిరిగి విప్పరాదా? ఆ ప్రయత్నం జరిగినది. కాథరిన్ ఎడ్డోస్‌దని చెప్పబడే ఒక పట్టు శాలువాను 2007లో ఒక వ్యాపారి వేలంలో కొన్నాడు. దాని మరకలలోని మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. మృతురాలి వంశీకురాలితోను, ఆనాటి అనుమానితులలో ఒకని వంశీకురాలితోను సరిపోయినదని 2014లో పుస్తకం, 2019లో శాస్త్రపత్రికలో వ్యాసం వచ్చినవి. పత్రికలు రహస్యం వీడినదని చాటినవి. కాని మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుండి బిడ్డకు మారక దిగుతుంది. ఒకే రకం వేలాదిమందిలో ఉంటుంది. అది "వీడు కాడు" అని గట్టిగా చెప్పగలదు గాని, "వీడే" అని చెప్పలేదు. అంతకన్న పెద్ద లోపం వేరు. హత్య జరిగిన రాత్రి ఎడ్డోస్ ఒంటి మీది ప్రతి వస్తువునూ, పిన్నీసులు, సబ్బుముక్క సహా, పోలీసులు జాబితా వ్రాసినారు. ఆ జాబితాలో పట్టు శాలువా లేదు. నూరేండ్లకు పైగా అది ఎన్ని చేతులు మారినదో, ఎందరు తాకినారో, ఎందరు దాని మీద తుమ్మినారో! జల్‌పాయిగురి న్యాయమూర్తి ముందు ఈ శాలువాను పెడితే ఆయన ఏమనేవాడో ఊహించడం కష్టం కాదు.

నిజంగా ఆ రాత్రికి చెందిన జాడ ఒక్కటి దొరికినది. ఎడ్డోస్ ఏప్రనులో కొంతభాగం కోయబడి ఉన్నది. రాత్రి 2 గంటల 55 నిమిషాలకు గౌల్‌స్టన్ వీథిలో ఒక మెట్లదారి వద్ద నెత్తురు అంటిన గుడ్డముక్క ఒక కానిస్టేబుల్‌కు కనిపించినది. వైద్యుడు దానిని ఏప్రను ప్రక్కన పెట్టి చూస్తే కుట్టుకు కుట్టు సరిపోయినది. హంతకుడు పడమటికి పారిపోలేదు. తిరిగి వైట్‌చాపెల్ లోపలికే నడిచినాడు. దీనికి సాక్షి మాట అక్కరలేదు, వస్తువే చెప్పినది. ఆ గుడ్డకు పైన గోడ మీద సుద్దతో వ్రాసిన వాక్యం ఉన్నది, యూదులను గురించి. అది హంతకుని వ్రాతో, అంతకు ముందే ఎవరో వ్రాసినదో తెలియదు. దానిని ఫొటో తీయాలని నగర పోలీసులు కోరినారు. కనీసం తెల్లవారేదాకా గుడ్డ కప్పి ఉంచాలన్నారు. తెల్లవారితే ఆదివారపు సంతకు వేలమంది వస్తారు, యూదుల మీద దొమ్మీ లేస్తుందని పోలీసు కమిషనరు చార్లెస్ వారెన్ భయపడినాడు. ఆ భయానికి కారణం లేకపోలేదు. ఐదున్నర ప్రాంతంలో తుడిపించివేసినాడు. అంతకుముందు ఇద్దరు పోలీసులు ఆ వాక్యాన్ని తమ పుస్తకాలలోకి ఎక్కించుకొన్నారు. ఒకని పుస్తకంలో "కాదు" అనే మాట ఒక చోట ఉన్నది, రెండవవాని పుస్తకంలో మరొక చోట.